నిప్పుతాత పేపరు

"మొదటి స్థానంలో ఉన్న పేపరే చూడకుండా పేపర్ల మీద పేపరు రాశావా?" డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

లెక్కలమ్మాయి తన పేపరును ఆయన వైపు ఇంకాస్త జరిపింది. ఆ పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. అందరూ కార్చిచ్చుల మీద పరిశోధన చేస్తుంటే, ఆమె వాళ్ళ పరిశోధనల మీద పరిశోధన చేసింది. నలభై ఏళ్ళలో అడవి మంటల మీద ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో, ఎవరు ఎవరిని ఉదహరించారో వరసపెట్టి లెక్క తీసింది. పెద్ద మంట రేగిన రెండేళ్ళకు పేపర్లు పుట్టగొడుగుల్లా మొలుస్తాయనీ, జనం ఆ మంటను మరిచిపోగానే అవీ చల్లారిపోతాయనీ తేల్చింది. అన్నిటికన్నా ఎక్కువమంది ఉదహరించినది మాత్రం ఒకే ఒక పాత పేపరు. దాన్ని రాసినాయనకు కేంద్రంలో వాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు నిప్పుతాత.

పత్రిక గడువు ఆ సాయంత్రం ఐదింటికి. డైరెక్టరు గారి సంతకం లేనిదే పేపరు గడప దాటదు. అది దాటకపోతే నెలాఖరుకు ఆమె ఉద్యోగం ఊడుతుంది.

"మూడువందల పన్నెండు మంది ఉదహరించారు సార్. అంతమంది చదివిందే కదా అని..."

"అంతమంది చదివింది నువ్వు చదవొద్దూ? ఆ పేపరు చదివే నేనీ రంగంలోకి వచ్చాను. ఏం శైలి! ఏం వాదన! దాని మొదటి పేజీ తెచ్చి చూపించు, సంతకం పెడతాను."

అప్పటికి రెండు దాటింది. ఆమె లైబ్రరీకి పరుగెత్తింది. లైబ్రేరియన్ ఆ పేపరు అచ్చయిందన్న ఏటి పత్రిక సంపుటం వెతికి తీసి దుమ్ము దులిపాడు. నిప్పుతాత పేపరు 241వ పేజీలో ఉండాలి. సంపుటం 196తోనే అయిపోయింది.

"చివరి పేజీలు ఊడిపోయాయేమో?"

"లేదమ్మా, చివర విషయసూచిక కూడా ఉంది. ఆ పేరే లేదిందులో."

తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. పొగ మీద పనిచేసే పెద్దాయన, "అబ్బో, గొప్ప పేపరు! నా కాపీ ఎవరో పట్టుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు," అన్నాడు. ఉపగ్రహాల మేడమ్, "నాకు కంఠతా వచ్చు. కాపీ మాత్రం ఇల్లు మారినప్పుడు పోయింది," అంది. ఇంకొకాయన అందులోని ఒక్క వాక్యం చెప్పబోయి, "రేపు చెయ్యమ్మా, మీటింగులో ఉన్నాను," అని పెట్టేశాడు.

ఇక తనకు వచ్చిన పనే చేసింది. మూడువందల పన్నెండింటినీ ఏడాదుల వారీగా నిలబెట్టింది. కొత్తవాళ్ళు పాతవాళ్ళను చూసి రాశారు, పాతవాళ్ళు ఇంకా పాతవాళ్ళను చూసి రాశారు. అందరిదీ అదే 241. ఆ వరస వెనక్కి వెనక్కి వెళ్ళి ఒక థీసిస్ దగ్గర ఆగింది. స్టోర్ రూములోంచి దాన్ని తెచ్చి, అట్ట మీద పేరు రెండుసార్లు చదువుకుంది. అది డైరెక్టరు గారిది.

ఆ థీసిస్ కొట్టిన టైపిస్టు పెద్దమ్మ పక్క గదిలోనే ఉంది. ఆవిడకు ఆ నెలలోనే రిటైర్మెంటు. లెక్కలమ్మాయి థీసిస్ చివరి పేజీ తెరిచి, నిప్పుతాత పేపరు వివరాలున్న వరస మీద వేలు పెట్టింది.

"పెద్దమ్మా, ఈ యాభై ఏడో రిఫరెన్సు నీకేమైనా గుర్తుందా?"

పెద్దమ్మ థీసిస్‌ను దూరంగా పట్టుకుని చూసి కిసుక్కున నవ్వింది. "అయ్యో, ఇదింకా ఉందా! రిఫరెన్సులు ఒక్కోటి ఒక్కో తీరున రాసుకొచ్చాడు బాబు. ముందు పేరు, తర్వాత ఏడాది, చివర పేజీ అని చూపించడానికి నమూనాగా ఒకటి కొట్టిచ్చాను. చూసుకుని తీసెయ్యమన్నాను కూడా!"

"మరి ఈ పేరెవరిది?"

"మా మామగారిది. అప్పటికి నోటికి అదే వచ్చింది. ఆయన వేలిముద్ర మనిషి తల్లీ! అగ్గిపుల్ల గీయాలన్నా మా అత్తగారిని కేకేసేవారు."

లెక్కలమ్మాయికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబితే సంతకం పోతుంది. చెప్పకపోతే ఏడాది పాటు తీసిన లెక్క అబద్ధమవుతుంది. నాలుగూ నలభైకి థీసిస్ పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. వెనకే పెద్దమ్మ కూడా వచ్చింది.

"దొరికిందా?"

"దొరికింది సార్." చివరి పేజీ తెరిచి ముందు పెట్టింది. అసలు సంగతంతా చెప్పింది.

డైరెక్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని యాభై ఏడో రిఫరెన్సు చదివారు.

"తీసెయ్యమన్నానా లేదా బాబూ?" అంది పెద్దమ్మ.

"అన్నావు పెద్దమ్మా," అన్నారాయన చిన్నగా.

ఉన్నట్టుండి ఆయన కళ్ళు మెరిశాయి. "ఆగాగు. నన్ను తీసేస్తే మూడువందల పదకొండు. అంటే అంతమందీ నా థీసిస్ చదివారన్నమాట!"

వాళ్ళు చూసింది చివరి పేజీ ఒక్కటేనని లెక్కలమ్మాయికి తెలుసు. అయినా పెన్ను మూత తీసి ఆయనకు అందించింది.

"రాయమ్మా, మొదటి తప్పు నాదేనని కూడా రాయి! ఇంతమందిని వెంట నడిపించినవాడు ఈ రంగంలో ఇంకొకడున్నాడా?" అంటూ ఆయన పకపకా నవ్వి, బర్రున సంతకం గీశారు. నిప్పుతాత అసలు లేడన్న ముక్కా, మొదటి తప్పెవరిదన్న ముక్కా చేర్చుకుని, ఐదుకు రెండు నిమిషాలుందనగా పేపరు వెళ్ళిపోయింది.

రెండు నెలలకు జవాబొచ్చింది. పేపరు తీసుకున్నారు, ఆమె ఉద్యోగమూ నిలిచింది. అందరూ చుట్టూ మూగి చప్పట్లు కొడుతుంటే, డైరెక్టరు గారు జవాబు అడుగున ఉన్న, పత్రిక తరఫున పేపరును పరిశీలించిన రివ్యూయర్ అభిప్రాయాన్ని పైకి చదివారు.

"కృషి మెచ్చదగినదే. ఒక్కటే సవరణ. ఆ మహానుభావుడు అసలు లేనేలేడని రాయడం నన్ను చాలా బాధించింది. నేను ఆయన దగ్గర మూడేళ్ళు శిష్యరికం చేశాను."