ఎడమ చెయ్యి కిందికి

ఫెడీమని దెబ్బ పడింది.

లిసాండ్రో ఎడమ చేతిలో ఉన్న మాతే బుర్ర ఎగిరి గడ్డిలో పడింది. అందులోని వేడి ఆకు కషాయం ప్యాంటు మీద ఒలికింది. ఆదివారం పూట ఫ్లయింగ్ క్లబ్బు ముందు బొగ్గుల మీద మాంసం కాలుస్తున్న వాళ్ళంతా నోళ్ళు తెరిచి చూశారు.

కొట్టింది ముక్కూ మొహం తెలియని ఓ ముసలాయన.

"చెయ్యి కిందికి," అన్నాడాయన తాపీగా.

"మీకేమైనా పిచ్చా పెద్దాయనా?"

"ఇంజను ఆగింది. నీ చెయ్యి పైకి పోయింది. నువ్వు చచ్చిపోయావు."

అందరూ గొల్లుమన్నారు. లిసాండ్రోకి మాత్రం నవ్వు రాలేదు.

అతను ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్ళు కూర్చుని, ఒక్క మనిషి పట్టే హెలికాప్టర్ కట్టుకున్నాడు. తలుపుల్లేవు, అద్దాల్లేవు. నాలుగు గొట్టాలు, ఓ కుర్చీ, వెనక ఇంజను, నెత్తిన రెండు రెక్కలు. ఊళ్ళోవాళ్ళు దాన్ని మిడత అన్నారు. కొరివితో తల గోక్కుంటున్నావని భార్య మబేల్ అంది.

దాని కాళ్ళకి బరువుగా పాత టైర్లు కట్టి, మోకాలెత్తు దాటకుండా గాల్లో నిలపడం నేర్చుకున్నాడు. పక్క పట్నంలో రెండు సీట్ల హెలికాప్టర్లో గురువు పక్కన కూర్చుని మిగతా విద్య నేర్చుకున్నాడు. ఇక టైర్లు విప్పి, పొలాల మీదుగా ఒంటరిగా ఒక్క చుట్టు కొట్టిరావాలి. అదే అతని కోరిక.

ఎడమ చేతి దగ్గర ఓ కర్ర ఉంటుంది. పైకి లాగితే యంత్రం లేస్తుంది. ఎత్తులో ఉండగా ఇంజను ఆగిపోతే మాత్రం ఆ కర్రని ఆ క్షణమే కిందికి దించెయ్యాలి. అప్పుడు పడిపోతుంటే కిందినుంచి తగిలే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి, దిగి బతకొచ్చు. కానీ పడిపోయేవాడి చెయ్యి పైకే లాగుతుంది. లాగితే రెక్కలు చచ్చుబడతాయి.

ఇదంతా తనకి తెలుసనీ, గురువు ఎన్నోసార్లు చేయించాడనీ చెప్పాడు లిసాండ్రో.

"ఇంజను తగ్గించేముందు ఆయన నీకు చెప్పేవాడా?"

"చెప్పేవాడు."

"ఇంజను చెప్పి ఆగదు బాబూ."

ముసలాయన పేరు ఎవారిస్తో. లాస్ గర్సాస్ అనే ఊరి నుంచి ఆదివారం ఆదివారం బస్సులో వచ్చేవాడు. లిసాండ్రో రొట్టె తింటున్నా, పేకాడుతున్నా, ఎవరితోనో మాట్లాడుతున్నా వెనకనుంచి వచ్చి ఎడమ చెయ్యి మీద ఒక్కటిచ్చేవాడు. "చెయ్యి కిందికి." అంతే. మరో పాఠం లేదు, మరో కబురు లేదు.

"మీ నాన్నొస్తున్నాడు, చేతులు దాచుకో," అని క్లబ్బులో వాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఇంట్లో గిన్నె జారినా మా ఆయన చెయ్యి కుర్చీ కిందికి పోతోందని మబేల్ నలుగురికీ చెప్పి నవ్వేది.

ఓ ఆదివారం లిసాండ్రో అత్తగారొచ్చింది. ఆమె ఎదుటే దెబ్బ పడింది. అతని గ్లాసులోని ఎర్ర ద్రాక్షసారా ఆమె తెల్లగౌను మీద పడింది.

లిసాండ్రోకి ఒళ్ళు మండిపోయింది.

"అసలు మీరు ఎన్నేళ్ళు ఎగిరారు? ఏది, ఈ కుర్చీలో ఒక్కసారి కూర్చుని చూపించండి."

ముసలాయన గడ్డిలో నిలిపి ఉన్న మిడత వంక చూశాడు. మొహం పాలిపోయింది. అడుగు ముందుకు పడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు.

కాసేపటికి ఆయనే తన ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు బుర్రలోకి వంచి, లిసాండ్రోకి అందించాడు. లిసాండ్రో ఓ గుక్క తాగి తిరిగిచ్చేస్తూ, "థాంక్స్" అన్నాడు.

మావైపు బుర్ర తిరిగిస్తూ ఆ మాటంటే, ఇక చాలు, మళ్ళీ పొయ్యొద్దని.

ముసలాయనకి అర్థమైంది. ఫ్లాస్కు చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు లిసాండ్రో.

ఆఖరికి ఓ రోజు తెల్లారగానే టైర్లు విప్పి గాల్లోకి లేచాడు. కోసేసిన సోయా పొలాలు, ఆవుల మంద, చిన్నదైపోయిన మబేల్. పొంగిపోయాడు.

ఉన్నట్టుండి ఇంజను ఆగింది.

దగ్గలేదు, తుమ్మలేదు. చప్పుడు లేదంతే. పైప్రాణాలు పైనే పోయాయి. ఏం చెయ్యాలన్న ఆలోచన ఇంకా తలకెక్కనేలేదు.

చూసుకునేసరికి ఎడమ చెయ్యి కిందే ఉంది.

రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. మిడత ఏటవాలుగా దిగి, ఓ కాలు వంకర చేసుకుని సోయా మోళ్ళలో కూలబడింది. లిసాండ్రో చాలాసేపు లేవలేదు. ఎడమ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మంచి ద్రాక్షసారా సీసా ఒకటి కొని లాస్ గర్సాస్ వెళ్ళాడు. కాళ్ళు పట్టుకుని అయినా సరే ఆయన్ని మళ్ళీ తీసుకురావాలనుకున్నాడు. బస్టాండులో అడిగితే ఇల్లు చూపించారు.

తలుపు తీసినామె నల్లబట్టల్లో ఉంది.

గుండె ఆగిందట, పోయినవారం. లిసాండ్రో చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

"అమ్మా, నేను బతికి ఉన్నానంటే ఆయన చలవే. అంత గొప్ప పైలట్‌ని నలుగుర్లో అవమానించాను."

ఆమె అయోమయంగా చూసింది.

"పైలటా? ఆయనకి నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరిగేవి బాబూ. కుర్చీలకి దిళ్ళు కుట్టేవాడు."

"మరి నేను కట్టుకున్న హెలికాప్టర్లో ఇంజను ఆగితే చెయ్యి కిందికి దించాలని ఆయనకెలా తెలుసు?" అన్నాడు లిసాండ్రో.

ఆమె తన ఎడమ చేతిని మెల్లిగా పైకెత్తి, అక్కడే ఆపింది.

"మా అబ్బాయి కూడా నీలాగే ఒకటి కట్టుకున్నాడు. ఇంజను ఆగినప్పుడు, పొలంలో నిలబడి వాడి చెయ్యి ఇలా పైకి పోవడం చూసింది ఈయనే."