రెండు తలుపుల మర్యాద

"వెయ్యిమంది సైనికులకు వందమంది తగ్గారు. వాళ్ళు లేకపోతే బిరుదూ లేదు," అన్నాడు పారిస్ నుంచి వచ్చిన రాయబారి మోర్‌వాన్.

వాల్డెనావ్ అనే చిన్న సంస్థానాన్ని ఏలే ప్రిన్స్ ఆన్‌సెల్మ్ ముఖం మాడిపోయింది. రైన్ నదికి ఇవతల ఆ రోజుల్లో బిరుదులన్నీ ఇలాగే పంచుతున్నారు. పారిస్‌లోని చక్రవర్తికి పెద్ద సైన్యం అప్పగించినవాడు రాజయ్యాడు. ఆ చక్రవర్తి ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకున్నవాడు గ్రాండ్ డ్యూక్ అయ్యాడు. కొంత ఇచ్చి కొంత దాచుకున్నవాడు డ్యూక్ దగ్గరే ఆగిపోయాడు. ఏమీ ఇవ్వనివాడి నేల పొరుగువాడి నేలలో కలిసిపోయింది. ఇదంతా వంశగౌరవమని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, పాపం.

గ్రాండ్ డ్యూక్ కావాలన్న ఆన్‌సెల్మ్ ఆరాటం తన కోసం కాదు, కొడుకు ఎగాన్ కోసం. కిందటేడు పొరుగు రాజుగారింట పెళ్ళిలో గ్రాండ్ డ్యూకుల పిల్లలకు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచిన నౌకర్లు, ఎగాన్ రాగానే ఒక రెక్క మూసేశారు. ప్రిన్స్ ఇంటివాళ్ళకు అంతే మర్యాద. కొడుకు తల దించుకుని లోపలికి నడవడం తండ్రి మరచిపోలేకపోయాడు.

ఇంకో వందమందిని ఎక్కణ్ణుంచి తెస్తామని మంత్రి లూడిగర్ నసిగాడు. ఊళ్ళలో ముసలివాళ్ళు, ఆడవాళ్ళే మిగిలారన్నాడు. వయసులో ఉన్నవాళ్ళంటే ఇక ఒక్కగానొక్క కొడుకులే. వాళ్ళను సైన్యంలోకి లాగకూడదని ప్రిన్స్ తాతగారి నాటి కట్టడి.

"తీసెయ్," అన్నాడు ఆన్‌సెల్మ్.

"ప్రభూ, తాతగారు చర్చిలో ప్రమాణం చేసి పెట్టిన కట్టడి అది."

"ఆయన ప్రిన్స్‌గానే పోయాడు. నా కొడుక్కి ఆ గతి పట్టనివ్వను."

మధ్యాహ్నానికల్లా ఊళ్ళలో డప్పు కొట్టించారు. పొద్దు వాలేసరికి కోట ముందు ఏడుపులు మొదలయ్యాయి. పిండిమర నడుపుకునే వాల్‌బుర్గా అనే విధవరాలు కాపలావాళ్ళను తోసుకుని హాల్లోకి వచ్చి ప్రిన్స్ కాళ్ళ దగ్గర కూలబడింది. కొడుకు తప్ప తనకు దిక్కులేదని, కావాలంటే మర తీసుకుని వాణ్ణి వదిలేయమని బతిమాలింది.

"ఏడవకమ్మా," అన్నాడు ఆన్‌సెల్మ్. "రాజ్యం నిలబడాలంటే అన్ని ఇళ్ళూ ఒకటే. ఎవరికీ మినహాయింపు లేదు."

రాయబారి మెచ్చుకోలుగా తలూపాడు. చక్రవర్తి ముద్ర ఉన్న పత్రాన్ని అక్కడికక్కడే అందించి, నడుం వంచి, "గ్రాండ్ డ్యూక్ వారికి జయం," అన్నాడు.

ఆన్‌సెల్మ్ వెంటనే ఎగాన్‌ను పిలిపించాడు. గొప్పవాళ్ళెవరూ రాని ఆ కోటలో హాలు తలుపు ఎడమ రెక్క బిగుసుకుపోయి ఉంది. ఇద్దరు నౌకర్లు భుజాలు ఆనించి నెట్టాల్సి వచ్చింది. రెండు రెక్కల నడుమ నుంచి కొడుకు తలెత్తుకుని వస్తుంటే తండ్రి కళ్ళు చెమర్చాయి. వాల్‌బుర్గా ఇంకా నేలమీదే ఉంది. ఆమెను లేపాలని ఎవరికీ తోచలేదు.

రాయబారి ఎగాన్‌ను ఎగాదిగా చూశాడు.

"ప్రిన్స్ సైన్యాన్ని ఎవరు నడిపినా చెల్లుతుంది. గ్రాండ్ డ్యూక్ సైన్యాన్ని మాత్రం ఆ ఇంటి వారసుడే నడపాలి. అది ఆచారం. యువరాజు రేపు పొద్దున్నే స్పెయిన్‌కు బయలుదేరాలి."

స్పెయిన్ యుద్ధానికి వెళ్ళిన పటాలాల్లో తిరిగొచ్చినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"వాడు నాకు ఒక్కడే," అన్నాడు ఆన్‌సెల్మ్.

నేలమీదున్న వాల్‌బుర్గా తలెత్తి చూసింది.

"తెలుసు," అన్నాడు రాయబారి. "వారసుడు మా దగ్గరుంటే తండ్రి మాకు ఎదురు తిరగడు. అందుకే అతను కావాలి. కానీ మీ కట్టడిని మేం తొక్కితే బలవంతం చేశామంటారు."

చేతి తొడుగులు వేసుకుంటూ మెల్లగా అన్నాడు.

"ఆ వందమందితో మాకేం పనిలేదు, మహాప్రభూ. మీ చేతే ఆ కట్టడి తీయించడానికి అడిగాను."