అమృత రాకెట్

నీలం రంగు కింద ఎరుపు కనిపించింది.

సూర్యకళ గోటితో ఇంకొంచెం గీకింది. ఎరుపు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఏదో విదేశీ కంపెనీ పేరు.

తీగలు బిగించే మిషన్‌కు తగిలించి ఉన్న ఆ స్క్వాష్ రాకెట్ మీద మాత్రం ‘మెరుపు’ అని రాసి ఉంది. మెరుపు అంటే మల్లాపూర్‌లోని ఈ రేకుల షెడ్డే. ముప్ఫై ఇద్దరు ఆడవాళ్లు, ఒక పాత ఓవెన్, యజమాని బసవరాజు.

గోడ మీద వరుసగా ఛాంపియన్ల ఫొటోలు. కట్టె రాకెట్ల కాలంలో పాండురంగ. తర్వాత నరేన్. ఆ తర్వాత అన్నీ అమృతవే. చివరిది నిరుడు, 2008లో తీసింది.

ఆ అమృత ఇప్పుడు ఎదురుగా నిలబడి గడియారం చూస్తోంది.

పక్కనే నాచారంలో పెరిగిన పిల్ల. నాలుగున్నరకు సికింద్రాబాద్‌లో జాతీయ ఫైనల్. ఉన్న రెండు రాకెట్లలో ఒకటి నిన్న సెమీస్‌లో విరిగింది. రెండోదానికి పొద్దున ప్రాక్టీసులో గట్టింగ్, అంటే తీగల అల్లిక, తెగింది.

రెండేళ్లుగా ఆమె గట్టింగ్ కోసం ఇక్కడికి రాలేదు. చెన్నైలో కోచ్ వేయిస్తున్నాడని చెప్పేది. సూర్యకళ నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది? పదమూడేళ్ల వయసు నుంచీ ఆ పిల్ల పట్టిన ప్రతి ఫ్రేమూ తను చేసిందే.

అట్లా అనుకుంది.

“ఇది మనది గాదు.”

అమృత నేల చూపులు చూసింది.

“రంగెవరేసిన్రు?”

“బసవరాజు సారే ఏయించిండక్కా.”

సెల్ మోగింది. స్క్వాష్ కోర్టు దగ్గర నుంచి బసవరాజే. పత్రికల వాళ్లు వచ్చేశారట. స్కూళ్లకు రాకెట్ల ఆర్డరిచ్చే ఆఫీసరు ముందు వరుసలో కూర్చున్నాడట. ఆ ఆర్డర్ రాకపోతే వచ్చే నెల షెడ్డుకు తాళమేనని ఇక్కడ అందరికీ తెలుసు. ఏమైనా ఉంటే తర్వాత మాట్లాడుకుందాం, ముందు గట్టింగ్ వేసి పంపమన్నాడు.

సూర్యకళ ఫోన్ పక్కన పెట్టేసింది. పదహారేళ్లు చేసిన పనిని ఎవరో మొహం మీద విసిరికొట్టినట్టుంది.

గడియారంలో రెండూ నలభై.

“నేనెయ్య.”

అమృత కళ్లలో నీళ్లు తిరిగాయి. మెరుపు పేరు పోకూడదనే ఇన్నాళ్లు నోరు మూసుకున్నానంది. బయటి కంపెనీలు పిలిచినా పోలేదంది. కావాలంటే కాళ్లు పట్టుకుంటానంది.

“కాళ్లెందుకు బిడ్డా. నా పనిల ఏం తక్కువైందో జెప్పు, ఏస్త.”

అమృత భుజం తడుముకుంది.

“మన రాకెట్లకు ఏం తక్కువ లేదక్కా. దుకాణంల అమ్మేటియి మస్తుంటయ్. మా కాడ నేర్చుకునే పిల్లలు గవ్వే ఆడుతున్రు. నాకు జేసేటియే బరువు. మూడో గేముకు చెయ్యి లేస్తలేదు. రెండేండ్ల కింద భుజమే పట్టేసింది. సార్‌ను అడిగితే అన్నీ ఒక్కటే అచ్చుల తీస్తమన్నడు.”

బసవరాజు చెప్పింది నిజమే.

అచ్చు ఒక్కటే. నల్లటి కార్బన్ గుడ్డ ఏడు పొరలు చుట్టి అందులో పెట్టాలి. ఎనిమిదో పొర ఎవరూ వేయరు.

“ఎందుకుంటయక్కా గంత బరువు?”

రెండూ నలభై ఎనిమిది.

“నీ మొదటి ఫ్రేము ఆటల ఇరిగింది, యాదున్నదా? ఈడికొచ్చి మస్తు ఏడ్చినవ్.” అంది సూర్యకళ. “అప్పటిసంది నీదానికి ఒక పొర ఎక్కువ సుడుతున్న. ఎవ్వలకు జెప్పలే.”



పక్క గదిలో దుకాణాలకు పోవాల్సిన పెట్టెలున్నాయి. సూర్యకళ గబగబా పోయి, గట్టింగ్ కూడా అయిపోయిన రాకెట్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. అమృత దాన్ని గాల్లో రెండుసార్లు తిప్పింది. మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

“ఇయ్యాల వద్దక్కా. చెయ్యి మిషన్ మీదున్నదానికే అలవాటైంది.”

వద్దనడానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో సూర్యకళకు కనిపించింది. అందుకే ఇంకేమీ అనలేదు. కళ్లు తుడుచుకుని మిషన్ ముందు కూర్చుంది. పరాయి ఫ్రేములోకి మొదటి తీగ ఎక్కించింది.

తీగల బిగుతు ఎంతో పెట్టే ముల్లు తిప్పబోయి ఆగింది.

“ఎంత బిగియ్యాలె బిడ్డా?”

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎప్పుడూ అడగలేదు.