రూపాయి లేచేదాకా

సింగపూర్ ఆటల పార్కులో టికెట్ ధర అందరికీ ఒకటి కాదు. ఎవరి దేశం డబ్బు ఆ నిమిషానికి ఎలా పలికితే వాళ్ళకి అలా. అందుకే గేటు బయట చెట్ల కింద మనవాళ్ళంతా చాపలు పరుచుకుని, పులిహోర తింటూ, గేటు పైన ధరల బోర్డు మీద రూపాయి లేవడం కోసం కాచుకుని ఉంటారు.

మేమూ పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాం. సాయంత్రం మా విమానం. తిమింగలం బండి ఎక్కాలని మా పాప లాస్య అనకాపల్లి నుంచి ఒకటే పాట. ఈరోజు కాకపోతే ఇక లేదు.

"ఎల్లిపోదాం బావా. పిల్ల మొకం సూడు," అన్నాను.

"కాసేపు ఆగవే. ఇప్పుడే లెగుస్తాది," అన్నాడు మా ఆయన, బోర్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

పక్క చాప మీది కాకినాడ అక్క నవ్వింది. "మా ఆయనదీ నిన్నటి నుంచి ఇదే మాట చెల్లీ. మా పిల్లలైతే ఈ గేటే పార్కు అనుకుంటున్నారు."

ఇంక నేను ఆగలేదు. నాలుగు నెలలు కూరల్లో సర్దుకుంటే సరి అనుకుని, లాస్యని చంకనెత్తుకుని తిన్నగా వెళ్ళి గేటు మీద చెయ్యి పెట్టాను. ఒకరు చెయ్యి పెడితే ఇంటిల్లిపాదికీ ఆ నిమిషం ధరే ఖాయం.

మేం లోపల అడుగు పెట్టామో లేదో, బయట కేకలు. రూపాయి లేచింది.

"సూసావా!" మా ఆయన తల పట్టుకున్నాడు.

"నువ్వూ సూడు," అన్నాను. బయట ఒక్కరూ చాప చుట్టలేదు. ఇంకాస్త లేస్తుందేమో చూద్దామంటున్నారు.

మా ఆయన వాళ్ళకేసి ఒకసారి చూసి, పిల్లని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు.