రెక్క మీద బొంతకుట్టు

తన చేతి కుట్టు ఊడి మనిషి కింద పడటం. సూర్యకళకు అంతకు మించిన భయం లేదు. తను కుట్టిన గుడ్డ ఊయల పిగిలి చంటిపిల్ల గడపకు కొట్టుకున్న రోజు నుంచి జాకెట్లు, బొంతలు తప్ప ఏవీ ముట్టడం లేదు.

అందుకే నాచారం షెడ్డులో విమానం రెక్కను చూడగానే వెనక్కి జరిగింది.

"నాతోని కాదు సార్. మనుషులు ఎక్కేది నేను కుట్ట."

"ఎక్కడానికి కాదమ్మా, ఇది మ్యూజియంలో పెట్టే విమానం" అన్నారు బసవరాజు గారు. ఆర్మీలో ఇలాంటివే నడిపి, రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నారు. "నీ బొంత చూశాను. ఆ చెయ్యే కావాలి."

"నిజంగ ఎగరదా?"

"దానికీ నాకూ రిటైర్మెంట్ అయిపోయింది కదా!"

సూర్యకళ ఒప్పుకుంది. విమానం రెక్కంటే ఇనుమే అనుకుంది ఇన్నాళ్ళూ. చూస్తే సన్నటి కర్రబద్దలు, వాటి మీద గుడ్డ. అంతే! మూరెడు సూదిని పైనుంచి ఆమె దించితే, కింద కూర్చుని బసవరాజు గారు అందుకుని మళ్ళీ పైకి పంపేవారు. కుట్టు కుట్టుకూ ముడి.

"గీ గుడ్డతోని యుద్ధంలకు పోయిన్రా సార్?"

"వెళ్ళాం. దీనికి తుపాకీ కూడా లేదు. మెల్లగా తిరుగుతూ, మన ఫిరంగి గుండు ఎక్కడ పడిందో చూసి కిందివాళ్ళకి చెప్పడమే పని."

"మరి వాళ్ళు కాలిస్తే?"

"కాల్చేవాళ్ళు. చిల్లులకి గుడ్డ అతికించుకుని మళ్ళీ వెళ్ళేవాళ్ళం."

సూర్యకళ చేతిలో సూది ఆగిపోయింది. "మీ అమ్మ ఎట్ల పంపింది సార్?"

"ఆవిడకి లారీ తోలుతున్నానని చెప్పాను."

ఆమె పకపకా నవ్వింది. ఆయన మాత్రం ప్రతి ముడినీ బలమంతా పెట్టి లాగి చూశారు. ఒకటి కాస్త జారితే ఆ వరసంతా విప్పించారు.

"బొమ్మకు గింత పట్టింపేంది సార్! మీకన్న మా అత్త నయం."

"విప్పమ్మా. మళ్ళీ కుట్టు."

పూసిన వార్నిషు ఆరాక "కొట్టి చూడు" అన్నారు. వేలితో కొడితే రెక్క డప్పులా మోగింది. పక్కనే ఉన్న విమానం తోక పట్టుకుంటే ఒక్కతే లేపగలిగింది. ఇంత తేలికైనదాన్ని నమ్ముకుని మనుషులు మబ్బుల్లోకి పోయారా!

ఒకరోజు లారీ వచ్చి రెక్కల్నీ ఒంటినీ విడివిడిగా ఎక్కించుకుపోయింది. మ్యూజియంల నా కుట్టున్నదని వాడకట్టంతా చెప్పుకుంది సూర్యకళ.

"ఎగరని దానికి గంత గొప్పనా?" అని ఆటపట్టించాడు భర్త బిక్షపతి.

"ఎగరదు గాబట్టే నాకు నిద్ర పడుతున్నది."

తర్వాత ఓ ఆదివారం పొద్దున్నే బసవరాజు గారి భార్య రాజేశ్వరమ్మ ఆటోలో వచ్చింది. కంటి ఆపరేషనై, కళ్ళ మీద పచ్చగుడ్డ వేలాడుతోంది. వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చుంది కానీ, ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"కుట్లు గట్టిగా వేశావా అమ్మా?"

"నూరేండ్లు ఊడవమ్మా. అయినా మ్యూజియంల నిలబడేదే గద, ఏం ఫికర్?"

రాజేశ్వరమ్మ చెవులు రిక్కించింది. ఉప్పల్ వైపు నుంచి కుట్టుమిషన్ లాంటి చప్పుడు సన్నగా మొదలై దగ్గరికొస్తోంది. వాడలో పిల్లలు అరుస్తూ డాబాలెక్కుతున్నారు. ఆవిడ తడుముకుని సూర్యకళ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పైకి చూసి చెప్పమ్మా, మా ఆయన బాగానే ఎగురుతున్నారా?"