నాలుగు ముడుల దారం

ఇల్లు చూడడానికి వచ్చిన మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

టీచరమ్మకు ఒళ్ళు మండింది.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. ఇల్లయితే అమ్మకానికి పెట్టింది గాని, పద్ధతులు పెట్టలేదు. ఆదివారం పూట బ్రోకరు వెంటేసుకొచ్చే జనానికి గుమ్మంలోనే పాఠం మొదలు.

"చెప్పులు బయట. అడక్కుండా అల్మారాలు తెరవకూడదు. మంచాల మీద కూర్చోకూడదు. వస్తువులు అటూ ఇటూ జరపకూడదు. మా అమ్మకు కళ్ళు కనబడవు."

ఆఖరి మాట మాత్రం గొంతు తగ్గించి చెప్పేది.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అమ్మకు చూపు లేదన్న సంగతి ఆ ఇంట్లో ఆవిడ తిరగడం చూస్తే ఎవరికీ తెలిసేది కాదు. పదేళ్ళుగా పొద్దున్నే తనే లేచి, తనే టీ పెట్టి, కూతుర్ని లేపేది.

"లేవవే! పంతులమ్మే ఆలస్యంగా పోతే పిల్లలేం బాగుపడతారు?"

కప్పు కారుతోంది, బడి దూరం. ఇల్లు అమ్మక తప్పలేదు. బడి పక్కనే కొత్త ఫ్లాటు మాట్లాడుకున్నారు. అది చూడబోయిన రోజున వంటింట్లో ఇంకా చెక్కపని జరుగుతోంది. అమ్మ లోపల అడుగు పెడుతూనే గోడలు తడమడం మొదలుపెట్టింది.

"అమ్మా! పరాయివాళ్ళ ఇల్లు. అలా తడమకూడదు."

"కళ్ళున్నవాళ్ళు తేరిపార చూస్తే మర్యాదా, నేను తడిమితే తప్పా? టీ డబ్బా ఎక్కడుంటుందో తెలియకపోతే ఇక్కడ నేనేం బతకనే?"

"నేనున్నాగా. ఇకనుంచి నేనే పెట్టి ఇస్తాలే టీ."

"అంటే నన్నిక మూల కూర్చోబెడతావన్నమాట."

నవ్వుతూనే అంది. గోడ మీది చెయ్యి మాత్రం తీసేసింది.

వంటింట్లో చిత్రిక పడుతున్న చప్పుడు కాసేపు ఆగింది. టీచరమ్మ పట్టించుకోలేదు.

ఇదిగో, ఆ తర్వాతి ఆదివారమే బ్రోకరు వెనక గుంపులో వచ్చాడు, ఈ కళ్ళు మూసుకున్న మనిషి.

అలాగే నాలుగడుగులు వేసి పొయ్యి దగ్గర ఆగాడు. చెయ్యి చాచాడు. టీ డబ్బా తగిలింది. అప్పుడు కళ్ళు తెరిచి, జేబులోంచి దారం తీసి, నేల నుంచి పొయ్యిగట్టు దాకా సాచి ముడి వేశాడు. టీ డబ్బా గూటికొక ముడి. అగ్గిపెట్టె చోటికొకటి. మసిగుడ్డ మేకుకొకటి.

ఆపైన స్నానాలగది వైపు తిరిగాడు. అక్కడ మెట్టు దిగే చోట గోడకొక కొయ్యపిడి ఉంది. అది పట్టుకునే అమ్మ దిగుతుంది.

"ఆగవయ్యా! ఇల్లు కొనడానికొచ్చావా, కన్నం వెయ్యడానికి కొలతలు తీసుకుంటున్నావా?"

"అయ్యో, కాదమ్మా. నేను..."

"కొంటావా, కొనవా? ఒక్క ముక్క చెప్పు."

"కొననమ్మా. ఆ పెద్దమ్మగారి కోసమని..."

"మా అమ్మ ఊసెత్తావంటే బాగుండదు! కళ్ళు లేని మనిషి ఉన్న ఇల్లని ఆరా తీసి వచ్చావా?"

గుంపంతా గుడ్లప్పగించి చూసింది. అతని మొహం కందిపోయింది.

"ఆ ఒక్క పిడీ చూసి వెళ్ళిపోతానమ్మా."

"చెప్పులు బయటున్నాయి. వేసుకుని నడువు."

దారం గుప్పిట్లో నలుపుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఎవరే అదీ?" లోపలిగదిలోంచి అమ్మ అడిగింది. "రంపప్పొట్టు వాసన వచ్చిందేం?"

"ఎవడో దొంగవెధవలే, పంపించేశాను."

కొత్త ఫ్లాటులో మొదటిరోజు తెల్లవారగానే టీచరమ్మ చేతికి వేడి వేడి టీ గ్లాసు వచ్చింది.

"ఏమే, ఈ ఇల్లు నన్నెప్పుడో ఎరిగినట్టుందే! చెయ్యి చాస్తే డబ్బా చేతికొచ్చింది. అగ్గిపెట్టె కూడానూ!"

"మరి? ఎంచింది ఎవరనుకున్నావు?" అని టీచరమ్మ మురిసిపోయింది.

ఎనిమిది రోజులు అమ్మ టీ పెట్టింది.

తొమ్మిదో రోజు స్నానాలగది మెట్టు దిగబోతూ, పదేళ్ళ అలవాటున, పిడి కోసం చెయ్యి వేసింది. నున్నటి గోడ తగిలింది.

తుంటి విరిగింది. మంచం పట్టింది. మగతలో కూడా ఆ చెయ్యి పక్కనున్న గోడను తడుముతూనే ఉండేది.

"పిడి ఏదే? ఇక్కడే ఉండాలి కదే..."

నెల తిరక్కుండానే పోయింది.

ఆ ఫ్లాటులో ఒక్కతీ ఉండలేక టీచరమ్మ దాన్నీ అమ్మకానికి పెట్టింది. ఈసారి చూడవచ్చినవాళ్ళకు పాఠాలేమీ చెప్పలేదు. చెప్పులతోనే వచ్చారు. మంచం మీద కూర్చున్నారు. ఆవిడ కిటికీ దగ్గరే నిలబడింది.

ఒక కొత్త పెళ్ళికూతురు వంటింట్లోకి వెళ్ళి, గట్టు కింద గ్యాసుబండ పెట్టే అర తలుపు తెరిచింది. బండ అప్పటికే తీసేశారు.

"అయ్యో, అడక్కుండా తెరిచేశాను, ఏమనుకోకండి ఆంటీ."

"ఫరవాలేదమ్మా. చూసుకో."

"లోపల ఎవరో ఏదో రాసిపెట్టారాంటీ."

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని మోకాళ్ళ మీద కూర్చుని వంగింది.

బండ ఉండే చోటికి వెనక చెక్కకు చిన్న మేకు. మేకుకు నాలుగు ముడుల దారం.

దాని కింద, వడ్రంగులు వాడే లావు పెన్సిలుతో, వంకర అక్షరాల్లో: "పెద్దమ్మగారి పాతింటి కొలతలు, ఈ ప్రకారం చెయ్యాలి: పొయ్యిగట్టు, టీ డబ్బా గూడు, అగ్గిపెట్టె, మసిగుడ్డ మేకు. స్నానాలగది పిడి మాత్రం చూడనివ్వలేదు."