ముందెవరికి?

లారీ డ్రైవర్ రెంచితో కొట్టిన దెబ్బకు పంక్చర్ షాపువాడి నుదురు చిట్లి, కళ్ళలోకి నెత్తురు కారింది.

"ఎక్కడినుంచో వచ్చి, జ్వరం అంటించి, నా కూతుర్ని పొట్టన పెట్టుకున్నావు కదరా!"

"ఇంకొకటి వెయ్యి!" వెనక నుంచి వీధి జనం అరిచారు. ఆ దోమల జ్వరానికి అప్పటికే అతని కూతురితో కలిపి ఇద్దరు పిల్లలు పోయారు.

ల్యాబులో పనిచేసే డ్రైవర్ చెల్లెలు జనాన్ని తోసుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆపన్నయ్యా! అందరి రక్తంలోని వైరస్‌కీ జన్యు పరీక్ష చేశాం. దోమకాటుతో మనిషి నుంచి మనిషికి పోయేకొద్దీ అది కాస్త కాస్త మారుతుంది. ఎవరి తర్వాత ఎవరికొచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇతనికి మన పాప తర్వాతే వచ్చింది."

"మరి ముందెవరికి?"

"ట్రిప్పు నుంచి ఒళ్ళు నొప్పులతో వచ్చావే... అప్పుడు తీసిన నీ రక్తంలో ఉన్నదే ముందుది."

రెంచి జారిపడింది. "నా పక్కలోనే పడుకునేదే..." అన్నాడు డ్రైవర్.

చనిపోయిన రెండో పిల్లాడి తండ్రి వంగి ఆ రెంచి అందుకున్నాడు.

"అయితే నా కొడుకుని చంపింది నువ్వా?"

పంక్చర్ షాపువాడు తూలుతూ లేచి, అన్నాచెల్లెళ్ళిద్దరినీ తన షాపులోకి లాగి షట్టర్ దించేశాడు. ఆ రేకు మీద దెబ్బలు మొదలయ్యాయి.

"నన్నెందుకు కాపాడుతున్నావు?" డ్రైవర్ బావురుమన్నాడు.

"నిన్నూ కుట్టింది దోమే కదన్నా. ఏడుపు తర్వాత, ముందు షట్టర్ పట్టుకో. నా ఒక్కడివల్ల కావట్లేదు."